సగం ప్రదక్షిణం

"నేనే చంపిన."

పొద్దుట్నుంచీ దూలయ్యది అదే పాట. లాకప్ గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఏమడిగినా తలెత్తకుండా అదే జవాబు. ఊచలకు ఇవతల స్టూలు మీద కూర్చున్న యశోదకు చిరాకు, జాలి, సిగ్గు మూడూ కలిసి వస్తున్నాయి. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా ఉండగా ఉద్యోగం మానేసి, ఖమ్మంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి ఆమె. నేరం ఒప్పించడానికి నానా తంటాలు పడినవాళ్ళను చాలామందిని చూసింది. ఒప్పుకున్నవాడి చేత కాదనిపించడానికి తంటాలు పడడం మాత్రం ఇదే మొదలు.

"దేంతోని చంపినవ్?"

"రాయితోని."

"ఏడ కొట్టినవ్?"

దూలయ్య కాసేపు ఆలోచించాడు. చెయ్యెత్తి తన నుదురు ముట్టుకున్నాడు. "గీడ."

దెబ్బ ఉన్నది తల వెనక. చంపినవాడికి ఆ మాత్రం తెలియదా? యశోద ఇంకో ప్రశ్న వెయ్యబోయి ఆగింది. చెయ్యి దించుతుంటే అతని కింది పెదవి కనిపించింది. చిట్లి, వాచి ఉంది. స్టేషనుకు తెచ్చిన రోజు ఆ వాపు లేదు. కొట్టింది ఏ కానిస్టేబులైనా, కొట్టడానికి మనిషిని చూపించింది తనే.

అంతా నాలుగు రోజుల కిందటి సంగతి. పాల్వంచ థర్మల్ స్టేషన్లో ఆపరేటరుగా పనిచేసే అనిల్‌కుమార్ ఏటా ఏప్రిల్ పద్నాలుగుకు ఒక బస్సు మాట్లాడి, తమ కాలనీ వాళ్ళను బౌద్ధ క్షేత్రాలకు తీసుకెళ్తాడు. ఈ ఏడు ములకలపల్లి అడవి అంచున మద్దులగుంపు పక్కనున్న పాదాలదిబ్బకు వచ్చారు. దిబ్బ అంటే పాతకాలపు ఇటుకల స్తూపం. దాని ముందు రెండు పాదాలు చెక్కిన బండ ఉంది. వచ్చినవాళ్ళకు అవి బుద్ధుడి పాదాలు. మద్దులగుంపు కోయవాళ్ళకు అవి తల్లి పాదాలు. పసుపు పూస్తారు, కొత్త ఇప్పపువ్వు కాలంలో కోడిని కోస్తారు. ఊరి పూజారి దూలయ్యే.

పదమూడో తారీఖు సాయంత్రం ఆ కోడి దగ్గరే గొడవైంది. ఇక్కడ రక్తం చిందించవద్దని అనిల్ అన్నాడు. "మీరు రేపు బస్సెక్కి పోతరు సారు. తల్లి ఈడనే ఉంటది. ఆకలైతే మమ్మల్నే అడుగుతది," అని దూలయ్య అన్నాడు. మాటా మాటా పెరిగి, నలుగురూ పట్టుకుని విడదీశారు. మర్నాడు పొద్దెక్కాక, దిబ్బ కింద ఇప్పచెట్టు నీడలో అనిల్ శవం దొరికింది. తల వెనక దెబ్బ, పక్కన రాయి.

అతని భార్య సుజన ఆ పూటే యశోదకు కబురు పెట్టింది. యశోద వచ్చి, బస్సులోవాళ్ళను అడిగి, గొడవ సంగతి రాబట్టి, అక్కడికక్కడే దూలయ్యను తీసుకెళ్ళి ఎస్సై చేతిలో పెట్టింది. తన చురుకుతనానికి తనే మురిసిపోయింది కూడా. ఇవాళ ఆ మురిపెం తల్చుకుంటే ఒళ్ళు మండుతోంది.

"అయిపోయిందా మేడం, వాకబు?"

ఎస్సై ధన్‌సింగ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుర్రవాడు, చురుకైనవాడు. లంచం ముట్టడు గానీ, పట్టిన కేసు ఆ వారంలోనే మూసెయ్యాలన్న తొందర మాత్రం జాస్తి. యశోద చేసేది పెళ్ళిసంబంధాల వాకబులేనని స్టేషనంతా వినేలా ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

"ఈ మనిషి కాదు సార్. దెబ్బ యాడ తగిలిందో గూడ ఇతనికి తెల్వదు."

"తాగిన మత్తుల కొట్టినోనికి ఏం యాదుంటది? ఒప్పుకున్నడు గదా."

"ఎందుకు ఒప్పుకుంటున్నడో అడిగిన్రా?"

ధన్‌సింగ్ నవ్వాడు. "ఇతన్ని మాకిచ్చింది మీరే గదా మేడం. ఇచ్చినంక మళ్ళ వాపస్ గావాల్నా?"

 అంతలోనే కాస్త మెత్తబడి, టోపీ సర్దుకున్నాడు.

"నాలుగింటికి కొత్తగూడెం కోర్టుకు తీస్కపోతున్న. జీపు దిబ్బ పక్క నుంచే పోతది. అప్పటికి మీ కాడ ఏమన్న ఉంటే చూపియ్యండి, ఆగుత. లేకుంటే దారి ఇడువుండి."

యశోద లేచింది. ఊచల వెనక నుంచి దూలయ్య మొదటిసారి తల ఎత్తాడు.

"ఇడిసిపెట్టమ్మా," అన్నాడు. "నా చేతుల్తోని అయింది. నేను బోత."

*

కిరాయి జీపులో సుజన ఎదురుచూస్తోంది. బళ్ళో పంతులమ్మ. నాలుగు రోజుల్లో సగమైపోయింది. ఒళ్ళో ఒక సంచి, అందులో కొవ్వొత్తులు. ఆయన పడ్డచోట వెలిగించి వస్తానని పట్టుబట్టింది. యశోద వద్దని గట్టిగా చెప్పలేకపోయింది.

"వాడు ఒప్పుకున్నడా మేడం?"

"ఒప్పుకున్నడు."

"మరి మనం మళ్ళ ఎందుకు వోతున్నం?"

యశోద నిజం చెప్పింది. "నేను తప్పు చేసిన్నేమోనని."

సుజన కోపం చేసుకోలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. కిటికీలోంచి బయటికి చూస్తూ, అడగకుండానే ఆ పొద్దుటి సంగతి మళ్ళీ చెప్పుకుపోయింది. మగవాళ్ళు మద్దులగుంపు బడిలో పడుకున్నారు, ఆడవాళ్ళు దిబ్బ పక్క రైతు వెంకటనారాయణ ఇంట్లో పడుకున్నారు. చీకటితోనే లేచింది. తెల్లచీర కట్టుకుని, పూజకు అన్నీ సర్దుకుని కూర్చుంది. "తల గూడ ఆరలే మేడం. గంతల్నే కబురొచ్చింది." ఈ మాట యశోద ఇప్పటికి నాలుగైదుసార్లు విన్నది. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఒకే మాట పట్టుకుని వేలాడుతారని సరిపెట్టుకుని, బ్యాగులోంచి ఫొటో తీసింది.

శవాన్ని చూసిన వెంటనే యాత్రికుల్లో ఒకరు తీసిన ఫొటో అది. అనిల్ బోర్లా పడి ఉన్నాడు. తెల్లచొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, ఉత్త కాళ్ళు. తల వెనక గాయం, పక్కన రాయి. యశోద దీన్ని మొదటి సాయంత్రమే చూసింది. గాయం చూసింది, రాయి చూసింది, పెట్టేసుకుంది.

జీపు దిబ్బ దగ్గర ఆగింది. దిగీదిగగానే పులిసిన తీపివాసన ముక్కుకు కొట్టింది. యశోద ఆ వాసనవైపే నడిచి, చెట్టు ముందు నిలబడిపోయింది.

శవం దొరికిన ఇప్పచెట్టు కింద పువ్వు కుప్పలుగా పడి కుళ్ళుతోంది. పైన తాజా పువ్వు, దాని కింద వాడింది, దాని కింద నల్లబడింది. చుట్టుపక్కల మిగతా ఇప్పచెట్ల కింద ఒక్క రేకు లేదు, నున్నగా ఏరుకుపోయారు. యశోద పుట్టి పెరిగింది ములకలపల్లిలోనే. ఈ కాలంలో ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరంతటికీ తెలుసు. ఆకులు కాల్చి కింద నేల శుభ్రం చేసుకుంటారు. నడిరాత్రి దాటాక రాలడం మొదలైతే పొద్దు పొడిచేదాకా పువ్వు రాలుతూనే ఉంటుంది. తెల్లారేసరికి ఆడవాళ్ళు గంపలతో చెట్టు కింద ఉంటారు. ఒళ్ళు కాలిపోతున్నా సరే, పువ్వును నేలపాలు చెయ్యరు. చిన్నప్పుడు తనూ ఏరింది. ఎవరి చెట్టు కిందో ఏరి, వీపు మీద దెబ్బలు తిన్నది కూడా.

అన్నీ తెలిసి ఉండీ ఫొటోలో పువ్వును చూడలేదు.

ఇప్పుడు చూసింది. చొక్కా వీపు మీద ఒక్క పువ్వు లేదు. ఒంటి కింద మాత్రం పువ్వు నలిగి, చొక్కా అంచులకు అంటుకుని ఉంది. రాత్రి చంపాడని ధన్‌సింగ్ రాశాడు. రాత్రి నుంచి ఇక్కడే పడి ఉంటే పువ్వంతా అతని మీద రాలి ఉండాలి. పువ్వు రాలడం అయిపోయాకే అతన్ని ఇక్కడ వేశారు. అంటే పొద్దు పొడిచాక.

ఆ పొద్దున చీకటుండగానే దూలయ్య బడి దగ్గర ఉన్నాడు. యాత్రికులకు నీళ్ళ కుండలు మోశాడు. కబురు తెలిసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదని, గొడవ సంగతి చెప్పిన నోళ్ళే ఆమెకు చెప్పాయి. రాత్రి చంపి పొద్దున్నే నీళ్ళు మోశాడులే అనుకుని ఆ మాట పక్కన పడేసింది.

ఫొటోను కంటికి దగ్గరగా పెట్టుకుంది.  చెట్టు కింద నేల ఒకవైపు నల్లగా, శుభ్రంగా ఉంది. రెండోవైపు తెల్లగా పువ్వు పరుచుకుని ఉంది. శవం ఉన్నది ఆ రెండోవైపు. ఎవరో పువ్వు ఏరడం మొదలుపెట్టి, సగంలో ఆపేశారు. శవం పక్కన కూర్చుని ఎవరూ పువ్వు ఏరరు. ఏరుతున్నప్పుడు శవం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. చెట్టు కిందంతా ఆకులు కాల్చిన బూడిద. అనిల్ అరికాళ్ళకు బూడిద లేదు. ఎర్రటి బురద గట్టిగా పట్టి ఉంది.

"ఏంది మేడం?" సుజన దగ్గరికి వచ్చింది.

"ఈ చెట్టు ఎవరిదో కనుక్కోవాలె," అంది యశోద. కనుక్కోనక్కర్లేదు. కాస్త దూరంలో గుడిసె గుమ్మంలో ఖాళీ గంప ముందు పెట్టుకుని, ఒక ముసలామె వీళ్ళనే చూస్తోంది. దూలయ్య తల్లి నాగక్క.

*

"పానం మంచిగ లేదు," అంది నాగక్క. యశోద అడిగింది పువ్వు ఎందుకు ఏరలేదనే.

"పానం బాగలేకుంటే పక్కింటోళ్ళను ఏరుకొమ్మంటరు. నువ్వు అనలే."

నాగక్క గంప అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఆ పొద్దు సగం ఏరినవ్ నాగక్కా. సగం ఇడిసిపెట్టినవ్. నువ్వు ఏరంగ చెట్టు కింద మనిషి లేడు. తర్వాత ఉన్నడు. నడుమ ఏం జరిగిందో నువ్వు చూసినవ్."

"నేనేం చూల్లే."

"నీ కొడుకు నుదుటి మీద కొట్టిన్నంటుండు. దెబ్బ ఎనక ఉంది. చెయ్యని పని నెత్తిన ఏసుకొని జైలుకు వోతుండు. నాలుగింటికి తీస్కపోతరు."

ముసలామె ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. గంప చేతిలోంచి జారింది.

"కొట్టలే బిడ్డా. నా కొడుకు ఎవర్ని కొట్టలే. తీగ కట్టిండు."

"ఏం తీగ?"

"పందులకు వెట్టే కరెంటు తీగ. దొర మక్కచేన్ల."

ఆ తర్వాత ఆమెను ఏమీ అడగనక్కర్లేకపోయింది. నాలుగు రోజులుగా బిగబట్టుకున్నదంతా బయటికి వచ్చేసింది. పొద్దు పొడుస్తుంటే పువ్వు ఏరుతోంది. చేను గట్టు మీది నుంచి వెంకటనారాయణ దొర కేకేశాడు. సత్తుపల్లి నుంచి అప్పుడే బండి మీద వచ్చినట్టున్నాడు. వెళ్ళి చూస్తే చేలో, దిబ్బ పక్కన, బురదలో పాల్వంచ సారు పడి ఉన్నాడు. కాలి మడమకు తీగ. సచ్చిపోయి ఉన్నాడు. నీ కొడుకు కట్టిన తీగకే సచ్చిండు, ఈడ ఉంటే నీ కొడుక్కు ఉరి పడ్తది అన్నాడు దొర. కాళ్ళు ఆమె పట్టుకుంది, చేతులు దొర పట్టుకున్నాడు. ఎవరి చెట్టు కిందనో వేద్దామంటే దగ్గర చెట్టు ఇదే. బోర్లా పడేశాక దొర ఒక రాయి తెచ్చాడు.

"నేను మొఖం తిప్పుకున్న. చప్పుడు మాత్రం ఇనపడ్డది." నాగక్క చెవులు మూసుకుంది. "దిబ్బ మీంచి పడ్డడనుకుంటరన్నడు. పోలీసోళ్ళు నా కొడుకును తీస్కపోయిన్రు. దొర స్టేషన్ల వానికి అన్నం తీస్కపోయి జెప్పిండంట, తీగ సంగతి జెప్తే మీ అమ్మ గూడ లోపలికి వస్తదని. ఇగ వాడు నోరు తెరుస్తడా?"

యశోద ఆమె చెయ్యి పట్టుకోబోయింది. నాగక్క వెనక్కు లాక్కుంది.

"ఈ చేతుల్తోని ఆ సారు కాళ్ళు వట్టుకున్న. గవే చేతుల్తోని ఆ పువ్వు ఏరి ఎట్ల వండుకుందు?"

వెనక చిన్న శబ్దం వినిపించింది. సుజన గుడిసె గోడ పట్టుకుని కూలబడింది. అంతా విన్నది. యశోద గబగబా వెళ్ళి లేపబోతే ఆమె లేవలేదు.

"చేన్లకు ఆయన ఎందుకు వోయిండో నాకు తెలుసు మేడం."

దిబ్బ సగం వెంకటనారాయణ చేలో కలిసిపోయింది. ఏటా నాలుగు సాళ్ళు ముందుకు దున్నుకుంటూ వచ్చాడు. స్తూపం చుట్టూ తిరగాలంటే అటువైపు మొక్కజొన్నలోంచే దారి. పదమూడో తారీఖు సాయంత్రం గట్టు దగ్గరే చేనువాళ్ళు అందరినీ వెనక్కు తిరగమన్నారు, పంట ఉందని. తిరిగారు.

"పడుకునేముందు నేనే అన్న," అంది సుజన. "సగం తిరిగొచ్చి ప్రదక్షిణం అయిందంటె ఎట్ల, మీరు పెద్దమనిషి, మీరే సగంల ఇడిసిపెడ్తె పిల్లలు ఏం నేర్చుకుంటరు అన్న. ఆయన నవ్విండు. పొద్దుగాల అందరు లేవకముందే తిరిగొస్త తియ్యి అన్నడు."

యశోద ఆమె పక్కనే కూర్చుంది. జీవితమంతా కరెంటు తయారుచేసిన మనిషిని ఒక తీగ తీసుకుపోయింది. అది చెప్పి ఎవరిని ఓదార్చడం?

*

నాలుగు కాకముందే పోలీసు జీపు వచ్చింది. దాని వెనకే బండి మీద వెంకటనారాయణ వచ్చాడు. జీపు తన చేను దగ్గర ఆగడం చూసి ఉంటాడు. లావుపాటి మనిషి, కోస్తా నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా మాటలో యాస పోలేదు.

యశోద ఫొటో ధన్‌సింగ్ చేతిలో పెట్టి, పువ్వు దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పింది. అతను మధ్యలో అడ్డురాలేదు. ఫొటో మీద వేలు పెట్టి, చెట్టు వంక చూసి, మళ్ళీ ఫొటో చూశాడు. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

"అరికాళ్ళ బురద?" అన్నాడు చివరికి.

"ఏప్రిల్ నెల సార్. ఈ చుట్టుపక్కల బురద ఉండేది ఒక్క చేన్లనే."

"ఏవండీ, ముసలిది కొడుకును కాపాడుకోడానికి చెప్పే కబుర్లు మీరు వింటారా?" వెంకటనారాయణ కల్పించుకున్నాడు. "ఆ రాత్రి నేను సత్తుపల్లిలో మా బావగారింట్లో ఉన్నానండీ. పదిమంది చూశారు. తీగా లేదు, గీగా లేదు."

ధన్‌సింగ్ జీపు వైపు తిరిగాడు. "దూలయ్యా, దిగు."

బేడీలతో దూలయ్య దిగాడు. తల్లిని చూశాడు. ఆమె తల ఊపింది, చెప్పెయ్యమన్నట్టు. అతని భుజాలు ఒక్కసారి దిగిపోయాయి.

"తీగ మోటారు షెడ్డు కప్పుల దోపి ఉంటది సారు. దొర చెప్తే కట్టిన. ఎప్పుడు కట్టేదే. దిబ్బ కాడికి మంది వచ్చిన్రు, ఇయ్యాల తీగకు కరెంటొచ్చే కొండి తీసేస్త అని దొరకు చెప్పిన. సరే అన్నడు. తీద్దమని వస్తుంటె కోడి కాడ లొల్లయింది. ఆ సారు మీద కోపంతోని గట్లనే ఇంటికి వోయిన." చేతులు చూసుకున్నాడు. "మనాది వట్టి నిద్రవోలే. కొండి సంగతి మాత్రం యాది రాలే. నేనే చంపిన అన్న గదా. అబద్ధం ఏముంది?"

అందరూ మోటారు షెడ్డుకు నడిచారు. కానిస్టేబులు కప్పులో చెయ్యి పెట్టి తీగ చుట్ట లాగాడు. కరెంటు నేలకు దిగకుండా సీసా మెడలు తొడిగిన పుల్లలు దానికి ఇంకా వేలాడుతున్నాయి. దూలయ్య చెప్పినట్టే ఒక కొసకు కొండి ఉంది. స్టార్టర్ డబ్బాలోంచి మోటారుకు పోయే వైరు దగ్గర ఆ కొండి రాసి రాసి మెరుస్తున్న గీత ఉంది.

వెంకటనారాయణ నుదురు తుడుచుకున్నాడు. "సరేనండీ, పందుల కోసం కట్టాం. అందరూ కడతారు. కానీ కొండి ఉన్నంత మాత్రాన తీగకు కరెంటు రాదు. మోటారు వేస్తేనే వస్తుంది. నేను ఊళ్ళో లేను. దూలయ్య బడి దగ్గర ఉన్నాడని మేడం గారే అంటున్నారు. మోటారు ఎవరు వేశారండీ? ఎవరూ వెయ్యలేదు. మరి మనిషి ఎలా చచ్చాడు?"

ధన్‌సింగ్ యశోద వైపు చూశాడు. ఆ చూపులో పాత వెటకారం కొంచెం తిరిగొచ్చింది. "అడిగింది కరెక్టే గదా మేడం?"

"మోటారు నడవకుంటే బురద యాడికెళ్ళి వచ్చింది?" యశోద తగ్గలేదు. "తెల్లవారుజాము కరెంటు ఉన్నప్పుడు మోటారు నడిచింది. తీగ కొసకు బల్బు వెట్టి చూడున్రి సార్. ముందు ఇది తేలితే, వేసింది ఎవరో తర్వాత తేలుతది."

షెడ్డులో కరెంటు చూసుకునే బల్బు హోల్డరు వేలాడుతోంది. దూలయ్య చెబుతుంటే కానిస్టేబులు కొండి తగిలించి, తీగ రెండో కొసను బల్బుకు కట్టి, ఇంకో వైరు తడినేలలో గుచ్చాడు. మధ్యాహ్నపు కరెంటు ఇంకా ఉంది.  యశోదకు గెలుపు కళ్ళ ముందు కనిపిస్తోంది. దూలయ్య బేడీలు ఊడుతాయి, ఈ కుర్ర ఎస్సై నోరు మూతపడుతుంది, నాలుగు రోజులుగా గుండెల మీదున్న బరువు దిగుతుంది. ఆమె అదే ఆలోచిస్తోంది.

"నొక్కున్రి సార్."

ధన్‌సింగ్ పచ్చ బటన్ నొక్కాడు.

మోటారు గుర్రుమంది. బల్బు భగ్గున వెలిగింది. "తల్లీ," అని నాగక్క కళ్ళు మూసుకుంది. బోరు గొట్టంలోంచి నీళ్ళు ఎగదన్ని సిమెంటు తొట్టిలో ధబధబా పడ్డాయి.

ఆ నీళ్ళ చప్పుడు వినపడ్డాక గానీ యశోదకు తట్టలేదు. *తల గూడ ఆరలే మేడం.* ఆడవాళ్ళు పడుకున్నది ఈ షెడ్డు పక్క ఇంట్లోనే. చీకటితోనే లేచి తలస్నానం చేస్తే, ఆ నీళ్ళు ఎక్కడివి?

గిర్రున వెనక్కు తిరిగింది. సుజనను గుడిసె దగ్గరే ఉండమని చెప్పి రావలసింది. చెప్పలేదు. ధన్‌సింగ్ ముందు నెగ్గాలన్న యావలో, వెనక ఎవరు నడిచొస్తున్నారో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

సుజన తొట్టి పక్కన నిలబడి ఉంది. నీళ్ళను చూసింది. తీగ వెంట కళ్ళు నడిపించుకుంటూ బల్బు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి పచ్చ బటన్ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఆపున్రి సార్!" అని యశోద అరిచింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఆ పొద్దు మోటారు నేనే వేసిన," అంది సుజన. గొంతులో ఏడుపు లేదు. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఇంటామె రాత్రే చూపిచ్చింది, పచ్చది నొక్కితే నీళ్ళొస్తయని. చల్లగ ఉండె నీళ్ళు. శానాసేపు పోసుకున్న."

తొట్టిలో నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి.

"ఆయన్ను చేన్లకు పంపింది నేను. కరెంటు వెట్టింది నేను." యశోద వైపు తిరిగింది. "ఎవరు చంపిన్రో కనుక్కొమ్మని గదా మేడం మిమ్మల్ని పిలిచింది?"

"కాదమ్మా!" దూలయ్య బేడీలతోనే ముందుకు వచ్చాడు. "నీకేం ఎరుక? కొండి తియ్యంది నేను. నా పాపం నువ్వెందుకు మోస్తవ్?"

"ఇద్దరిదీ కాదు," అని యశోద అనబోయింది. దిబ్బను దున్నుకున్నవాడిది, తీగ కట్టించినవాడిది, చచ్చినవాడి తల పగలగొట్టినవాడిది అని చెప్పబోయింది. అదంతా నిజమే. కానీ ఈ నిజాన్ని ఇలా, ఈమె కళ్ళ ముందు, బల్బు వెలిగించి చూపించింది ఎవరు? మొదట ఒక అమాయకుణ్ణి లాకప్‌కు పంపింది. అతన్ని విడిపించుకునే తొందరలో ఈమెను జీవితాంతం విడుదల లేనిచోట పెట్టింది. 

ధన్‌సింగ్ జేబులోంచి తాళంచెవి తీశాడు. దూలయ్య బేడీలు విప్పి, మాట్లాడకుండా వెంకటనారాయణ చేతికి వేశాడు. "జీపెక్కు" అని ఒక్క మాట అన్నాడు. యశోద ముఖంలోకి చూడలేదు. తనూ సిగ్గుపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఆ గెలుపు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

సుజన చెప్పులు విడిచింది. సంచి తొట్టి గట్టు మీద పెట్టింది.

"ఆయన సగంల ఆగిపోయిండు," అంది. "మిగిలింది నేను తిరిగొస్త."

దిబ్బను కుడివైపు ఉంచుకుని, మొక్కజొన్నలోకి నడిచింది. యశోద ఒక్క అంగలో స్టార్టర్ డబ్బా దగ్గరికి చేరి ఎర్ర బటన్ నొక్కింది. బల్బు ఆరిపోయింది. మోటారు ఆగింది, నీళ్ళు సన్నబడి చుక్కలయ్యాయి. కానిస్టేబులు కొండి కూడా తీసి పక్కన పెట్టాడు. ఇక భయం లేదు. అయినా యశోద ఆ బటన్ మీంచి వేలు తియ్యలేదు. ఆకుల కదలికను బట్టి సుజన ఎక్కడుందో చూస్తూ, ఆమె దిబ్బకు అవతల తేలేదాకా అలాగే నొక్కిపట్టి నిలబడింది.